అన్న రేసు కారుకి కొత్త ట్యాంకు

మా అన్నకి డెబ్భై దాటాక ఎడమ కాలు మొండికెయ్యడం మొదలుపెట్టింది. నా పెళ్ళికి ముందు, మద్రాసు దగ్గర పాత విమానాల రన్‌వే మీద జరిగిన కారు రేసులో కాలిన కాలు అది. మోకాలి నుంచి మడమ దాకా చర్మం అప్పుడే బిగుసుకుపోయింది. వయసు మీద పడేకొద్దీ కీళ్ళు కూడా బిగుసుకున్నాయి. నెల్లూరులో డాక్టరు దాన్ని అటు వంచి ఇటు వంచి చూసి, "వ్యాయామం చేయండి. ఉన్నది కొన్నాళ్ళు నిలుస్తుంది. పోయింది మాత్రం తిరిగి రాదు" అన్నాడు.

అన్న అడిగింది ఒకటే. "క్లచ్ తొక్కేదానికి ఇంకా ఎన్నాళ్ళు పనికొస్తాది సార్?"

"ఇప్పుడు క్లచ్ లేని కార్లు బోలెడు వచ్చాయి కదండీ, ఒకటి కొనుక్కోండి" అన్నాడు డాక్టరు, పెద్ద సాయం చేస్తున్నాననుకుని.

నేనూ వదినా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అన్న తొక్కాలనుకుంటున్న క్లచ్ ఏ కారుదో మా ఇద్దరికీ తెలుసు.

ముత్తుకూరులో వాళ్ళ ఇంటి వెనక షెడ్డులో, ఇటుకల మీద నిలబెట్టి, టార్పాలిన్ కప్పిన రేసు కారు ఒకటి ఉంది. ఒక్కరు కూర్చునే కారు. తలుపుల్లేవు, పైకప్పు లేదు, చక్రాలు నాలుగూ బయటికే ఉంటాయి. ఎక్కాలంటే పైనుంచి కాళ్ళు లోపలికి జారవిడిచి, నడుము దాకా దిగబడి కూర్చోవాలి. నేను కాలేజీలో చేరిన రోజుల్లో అన్న దాన్ని తన చేతులతో కట్టాడు. పైపులు అతికించాడు, రేకు కొట్టాడు, ఎవరో పారేసిన ఇంజను తెచ్చి ప్రాణం పోశాడు. మా ఇంట్లో ఎవరికీ కారు లేదు. ఉన్న ఒక్క కారూ రోడ్డు మీద తిప్పడానికి పనికిరానిది. దాని మీద ఊరు ఊరంతా నవ్వేది.

ఆ సాయంత్రాలంటే నాకు ఇప్పటికీ బెంగ. ఇసుక మూట మీద అల్యూమినియం రేకు పెట్టి, చెక్క సుత్తితో అన్న టక్‌టక్‌మని కొడుతుంటే నేను గుమ్మంలో కూర్చుని పుస్తకం ముందేసుకునేదాన్ని. ఒక్క ముక్క చదివేదాన్ని కాదు. చెమట పట్టగానే అన్న చొక్కా విప్పి నా మీదికి విసిరేవాడు. ఆదివారం చర్చికి పోయేటప్పుడు పెట్రోలు వాసన వస్తోందని అమ్మ మా ఇద్దరి బట్టలూ మళ్ళీ ఉతికించేది. ఇప్పుడు పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడల్లా గట్టిగా ఊపిరి పీలుస్తాను. మా ఆయన నన్ను చూసి నవ్వుతాడు. నవ్వితే నవ్వాడు. ఆ వాసనలో నాకు పద్ధెనిమిదేళ్ళు, అన్నకి రెండు కాళ్ళూ బాగుంటాయి.

అప్పట్లో అలాంటి కార్లకి పెట్రోలు ట్యాంకు నడిపేవాడి కాళ్ళకి రెండు పక్కలా పెట్టేవాళ్ళు. బరువు నడుమ ఉంటే కారు బాగా తిరుగుతుందట. ఆ రోజు మలుపులో పక్క కారు వచ్చి తగిలింది. ట్యాంకు అతుకు విడిపోయింది. మిగతాది నేను చూడలేదు, వదిన చూసింది. వాళ్ళ పెళ్ళై అప్పటికి ఏడాది కాలేదు. ఆ తర్వాత అన్న ముత్తుకూరులో లారీల మెకానిక్కుగా స్థిరపడ్డాడు. కారుని బాగుచేశాడు గానీ ఎక్కలేదు. వదిన ఎక్కనివ్వలేదు. ఆయనా అడగలేదు. ఎప్పుడైనా టార్పాలిన్ ఎత్తి, లోపలికి చూసి, మళ్ళీ కప్పేసేవాడు.

డాక్టరు దగ్గరికి పోయి వచ్చాక మొదటిసారి అడిగాడు. మద్రాసు అవతల రేసు ట్రాకు మీద పాత కార్లకి ఒక పూట వదులుతారని, పందెం ఏమీ ఉండదని, ఊరికే కొన్ని చుట్లు తిరగనిస్తారని ఎవరో చెప్పారట. "కాలు పూర్తిగా పోకముందే ఒక్కసారి. ఒక్కసారి తోలి దిగేస్తా" అన్నాడు. వదిన, "ఆ ట్యాంకు పీకి పారేస్తే చూద్దాం" అంది. ట్రాకు వాళ్ళు కూడా అదే అన్నారు. పాత రేకు ట్యాంకుతో రానివ్వరు, ఫ్యూయల్ సెల్ ఉండాల్సిందే.

ఫ్యూయల్ సెల్ అంటే బ్యాటరీ లాంటిదేమో అనుకున్నాను. అదీ పెట్రోలు ట్యాంకే. కాకపోతే బయట రేకు పెట్టె, లోపల గట్టి గుడ్డకి రబ్బరు పట్టించిన సంచి, ఆ సంచి నిండా స్పాంజి. పెట్టె నలిగినా సంచి చిరగదు. సంచి చిరిగినా స్పాంజి పెట్రోలుని ఒక్కసారిగా బయటికి చిమ్మనివ్వదు. కారు తిరగబడితే గాలి గొట్టాన్ని దానంతట అదే మూసే వాల్వు కూడా ఉంటుంది. ఇవన్నీ అన్న నాకు ఫోనులో చెప్పాడు. ఎన్నో ఏళ్ళుగా ఆయన నాతో అంత సేపు మాట్లాడలేదు. ఎప్పుడూ "తిన్నారా, వానలు పడినాయా" తోనే సరిపోయేది.

నా మెట్టినిల్లు జువ్వలదిన్నె. మా ఆయన హార్బరు దగ్గర ఫైబరు పడవలు కడతాడు. నేను ముందు గదిలో మిషను పెట్టుకుని టార్పాలిన్లు, సీటు కవర్లు కుడతాను. పడవల షెడ్డులో చోటు ఉంది, పని తెలిసిన చేతులున్నాయి, కాబట్టి కారుని మినీ లారీలో మా ఊరికే తెచ్చాం. వదినా వచ్చేసింది. "ఈయన్ని ఆ కారుతో ఒంటరిగా వదిలేది లేదు" అంది.

ముందు మా ఆయన ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. మెరిసే అల్యూమినియం డబ్బా, లోపల స్పాంజి, పేరు ఫ్యూయల్ సెల్ అనే ఉంది. అన్న కళ్ళజోడు సర్దుకుని చూసి, "సంచి యాడ బావా?" అన్నాడు. సంచి లేదు. "ఇది స్పాంజి కుక్కిన డబ్బా. నా ట్యాంకుకీ దీనికీ తేడా ఏందంటే, నాది నేను కొట్టినాను." మా ఆయన ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

చివరికి కోయంబత్తూరులో పాత రేసు కార్లు బాగుచేసే ఆయన ఒకరు దొరికారు. ఆయన మొదట అడిగింది ఏ పెట్రోలు పోస్తారని. ఇప్పుడు బంకుల్లో దొరికే దాంట్లో ఇథనాల్ కలుస్తోంది, ఆ ఇథనాల్‌కి ఆగని సంచులూ స్పాంజిలూ మెత్తబడి పొడి రాలతాయట. ఇథనాల్ నూకల నుంచి కూడా తీస్తారని అన్న చెబితే, "అయితే మన నెల్లూరు బియ్యం ట్యాంకులోకి కూడా పొయ్యిందా" అని మా ఆయన పొద్దంతా నవ్వాడు. తర్వాత కోయంబత్తూరు ఆయన సంచికి వయసు ఉంటుందని చెప్పాడు. దాని మీద తయారైన తేదీ ముద్ర ఉంటుంది. ఐదేళ్ళు దాటితే బాగున్నట్టే కనిపించినా మార్చాలి. తక్కువకి వస్తోందని పాతది కొనొద్దు అన్నాడు. అన్న విని, "నాకంటే దానికే గ్యారంటీ ఎక్కువ" అన్నాడు. వదిన లేచి లోపలికి పోయింది.

ఆఖరి ప్రశ్న దగ్గర అందరం ఇరుక్కుపోయాం. ఎంత సైజు కావాలి? అంటే, ఎంత దూరం పోవాలనుకుంటున్నారు?

అన్నకి తన పాత ట్యాంకుకి సరిపడా కావాలి. ట్యాంకు కాళ్ళ పక్కన పెట్టకూడదని ఆయనే ఒప్పుకున్నాడు. సీటు వెనక, రెండు చక్రాల నడుమ, నడిపేవాడికీ దానికీ మధ్య రేకు అడ్డం పెట్టి బిగించాలి. అక్కడ ఉన్నదే జానెడు చోటు. మా ఆయన చేపల ఐసు పెట్టెల థర్మోకోల్ ముక్కలు కోసి, పెద్దదొకటి చిన్నదొకటి ఉత్తుత్తి ట్యాంకులు చేశాడు. పెద్దది పెడితే సీటు ముందుకి జరపాల్సి వచ్చింది. అన్న అసలే పొడుగు మనిషి. సీటు జరిగితే మోకాలు పైకి లేచింది, క్లచ్ మీద పాదం సగమే ఆనింది. ఎంత ప్రయత్నించినా చీలమండ వంగలేదు. చిన్నది పెడితే సీటు ఉన్నచోటే ఉంది, పెడలు అందింది.

"చిన్నదే చాలన్నా. ఎంతసేపు తోలతావు?" అన్నాను.

"తోలినంతసేపు తోలతా" అని ముఖం తిప్పుకున్నాడు. ఆ పూట అన్నం కూడా తినలేదు. డెబ్భై దాటిన మనిషి అన్నం మీద అలిగితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాకు మాత్రం ఆయన బాధ అర్థమైంది. ఇన్నేళ్ళూ లోపల లోపల ఎంత దూరం పోయి ఉంటాడో ఎవరికి తెలుసు? ఆ దూరాన్ని మేము చిన్న డబ్బాలో పెట్టి ఇంతే అంటున్నాం. మర్నాడు పొద్దున తనే ఫోను చేసి చిన్నదే పంపమని చెప్పాడు.

అది వచ్చేలోగా పాత ట్యాంకులు విప్పాం. వాటి మీద అన్న సుత్తి దెబ్బలు వరసగా ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. నేను కాసేపు వాటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. సెల్లు వచ్చాక పని వేగంగా సాగింది. మా ఆయన కింద ఇనుప చట్రం కట్టి, పై నుంచి పట్టీలు వేశాడు. పట్టీ ఒరుసుకోకుండా నేను రబ్బరు ముక్కలు కోసి కింద అమర్చాను. ఉక్కు అల్లిక ఉన్న గొట్టాలు, సైలెన్సరుకి దూరంగా, అన్న స్వయంగా వేశాడు. మూత చుట్టూ ఉన్న బోల్టుల్ని వరసగా కాకుండా ఎదురెదురుగా, కాస్త కాస్తగా బిగించాడు. ఆయన మళ్ళీ పనిచేస్తుంటే చూడటం నాకెంత ఇష్టమో అప్పుడు తెలిసింది. ఆ కారు ఎప్పటికీ పూర్తికాకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

సరిగ్గా అక్కడే మేము మా ఊరి తెలివి చూపించాం. మా దగ్గర కొత్త పడవ ఏదైనా సముద్రంలోకి దించే ముందు లోపల నిండా నీళ్ళు పోసి ఉంచుతారు. బయట ఎక్కడైనా చెమ్మ కనిపిస్తే అక్కడ కారుతున్నట్టు. డీజిల్ ట్యాంకులకీ అంతే. నీళ్ళు పోసి చూడని పనిని మా ఆయన పని అనడు. సెల్లు బిగించగానే బోరు నీళ్ళ పైపు తెచ్చి నిండా పోశాడు. మేము ముగ్గురం చుట్టూ నిలబడి, ఒక్క చుక్క కారలేదని మెచ్చుకున్నాం. ఇంజన్ల మధ్య జీవితమంతా గడిపిన మా అన్నకి కూడా తప్పనిపించలేదు. వదిన అయితే చిన్న ప్రార్థన కూడా చేసింది. మర్నాడు నీళ్ళు వంచేసి పెట్రోలు పోసి స్టార్ట్ చేస్తే, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్ళీ దగ్గింది, ఆగిపోయింది.

స్పాంజి కదా! తాగిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఇథనాల్ పెట్రోలులో నీళ్ళు కలిస్తే ఆ నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుగుకి దిగుతాయి. ఇంజను పీల్చేది ఆ అడుగునుంచే. కోయంబత్తూరు ఆయనకి ఫోను చేస్తే చాలా మర్యాదగా, "ఎందుకు సార్ నీళ్ళు పోశారు?" అని అడిగాడు. మా ఆయన ఫోను నా చేతికిచ్చి బీడీ కోసం బయటికి పోయాడు.

మళ్ళీ అన్ని బోల్టులూ విప్పి, స్పాంజి ముక్కలు ఒక్కొక్కటీ బయటికి తీశాం. నా చెయ్యి సన్నం కాబట్టి భుజం దాకా సంచిలో పెట్టి పాత నూలు గుడ్డతో నేనే తుడిచాను. ఎండ తగిలితే స్పాంజి పాడవుతుందని చేపలు ఎండబెట్టే దిమ్మెల పక్కన, గాలి బాగా ఆడే పాక నీడలో ఆ ముక్కలు పరిచాం. కాకులకి అవి కొత్త రకం చేపల్లా కనిపించాయేమో, ముక్కుతో పొడిచి చూడబోయాయి. అప్పుడు వదిన కర్ర పట్టుకుని, కొంగు నడుముకి దోపి, పొద్దంతా కాపలా కూర్చుంది. ఆ కారుకి ఇన్నేళ్ళు శాపనార్థాలు పెట్టిన మనిషి దాని స్పాంజి కోసం కాకులతో పోట్లాడింది. చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు, "ఏందక్కా, ఇది కూర వండుతారా?" అని ఆమెని ఆటపట్టించారు.

సాయంత్రం అన్న వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. స్పాంజి ముక్కని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఎండు చేపల వాసన వస్తాండాదే" అన్నాడు.

వదిన నవ్వలేదు. "ఇది పెడితే ఇంక మండదు గదా?" అని అడిగింది.

అన్న ఆమెతో అబద్ధం చెప్పలేదు. "మండదని చెప్పలేను. మండినా, మనిషి బయటికొచ్చేంత టైమిస్తాది. దాని పని అంతే."

"నాకు ఆ టైమే కావాలి" అంది వదిన. ఆ మాట అన్నాక ఆమె ముఖం తేలికపడింది. నాది కూడా. మేము ముగ్గురం ఆ క్షణం నుంచి ఇంకేమీ ఆలోచించలేదు. స్పాంజి బాగా ఆరింది, తిరిగి పెట్టాం, పెట్రోలు పోశాం, ఇంజను ఒక్క దెబ్బకి అందుకుంది. పడవల షెడ్డు రేకులు అదిరిపోయాయి. అన్న సీట్లో కూర్చుని క్లచ్ తొక్కి, గేరు వేసి, మళ్ళీ తీసి, పిల్లాడిలా నవ్వాడు. దిగేటప్పుడు ఎప్పటిలాగే ఎడమ కాలుని రెండు చేతులతో ఎత్తి బయట పెట్టుకుని, సీటు వెనకున్న కమ్మీ పట్టుకుని నెమ్మదిగా లేచాడు. మా ఆయన చెయ్యి అందించాడు.

ట్రాకు దగ్గర తనిఖీ చేసే అబ్బాయి మా సెల్లుని చూసి చాలా సంతోషపడ్డాడు. తేదీ ముద్ర చూశాడు, పట్టీలు లాగి చూశాడు, వాల్వు చూశాడు, అడ్డం రేకుకి ఎక్కడైనా సందు ఉందేమోనని టార్చి వేసి చూశాడు. "చాలా బాగా చేశారు సార్" అని స్టిక్కరు అంటించాడు. వదిన గట్టిగా నా చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు మీరు కూర్చోండి సార్. బెల్టులు పెట్టుకోండి. నేను చెప్పగానే విప్పుకుని బయటికి రావాలి" అన్నాడు ఆ అబ్బాయి, గడియారం చూసుకుంటూ.

అన్న బెల్టులు చకచకా విప్పాడు. కుడి కాలు బయటికి వచ్చింది. ఎడమ కాలుని రెండు చేతులతో పట్టుకుని ఎత్తాడు. మోకాలు స్టీరింగు కింద తట్టుకుంది. మళ్ళీ ఎత్తాడు. మా ఆయన ముందుకి కదిలితే ఆ అబ్బాయి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎవరూ పట్టుకోకూడదు. అన్న తంటాలు పడి బయటికి వచ్చేసరికి ఆ అబ్బాయి గడియారం చూడటం మానేసి నేలకేసి చూస్తున్నాడు. ఇంకోసారి ప్రయత్నించమన్నాడు. రెండోసారి ఇంకా ఆలస్యమైంది.

ట్యాంకు పాసయింది. మా అన్న పాసవలేదు.

ఇన్నాళ్ళూ మా అందరి కళ్ళూ ఆ సంచి మీదే, ఆ స్పాంజి మీదే. అదిచ్చే టైము చాలుతుందా అని ఆయన కాలుని మాత్రం ఎవరమూ అడగలేదు. ఆ అబ్బాయి క్షమాపణ చెప్పబోతే అన్న భుజం తట్టి, "సరిగ్గానే చేసినావు నాయనా. అప్పుడూ నేను బయటికి రాలేదు. నన్ను లాగినారు" అన్నాడు. వదిన కళ్ళు తుడుచుకుంది. ఆమెకి ఆ సంగతి మా అందరికంటే బాగా తెలుసు.

కోయంబత్తూరు ఆయన తన కారు తీసుకుని అక్కడికి వచ్చి ఉన్నాడు. మా దగ్గరికి వచ్చి, కారు ఇంత దూరం వచ్చింది కాబట్టి, ఒప్పుకుంటే తను నాలుగు చుట్లు తిప్పి తెస్తానన్నాడు. వద్దంటాడనుకున్నాను. అన్న కారు చుట్టూ ఒకసారి నడిచి, మూడో గేరు కొంచెం గట్టిగా పడతాదని చెప్పి, హెల్మెట్ ఆయన చేతికిచ్చాడు.

మేము కంచె దగ్గర నిలబడ్డాం. కారు కదిలింది, మలుపు తిరిగింది, కనపడకుండా పోయింది. శబ్దం మాత్రం వినిపిస్తోంది. అన్న కంచె కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని వింటున్నాడు. నేను ఆయన మొహం చూడలేక కిందికి చూశాను. చెప్పులోనే ఆయన ఎడమ పాదం నేలని నొక్కుతోంది. నొక్కిన వెంటనే దూరంగా ఇంజను శబ్దం మారేది. మళ్ళీ వదిలేవాడు. ప్రతి గేరుకీ ఆయన పాదమే ముందు కదిలింది. వంగని ఆ చీలమండ వంగడానికి పడుతున్న పాట్లు చూస్తుంటే నాకు గట్టిగా ఏడవాలనిపించింది. నా ఆయుష్షులో కొంత తీసుకుని ఆయన్ని ఆ సీట్లో కూర్చోబెట్టమంటే ఇచ్చేసేదాన్ని.

చుట్లు అయిపోయాయి. కారు లోపలికి వచ్చింది. ఇంజను ఆపేశారు. చుట్టుపక్కల అందరూ చప్పట్లు కొట్టారు. అన్న కళ్ళు తెరవలేదు. ఆయన పాదం ఇంకా నేలని నొక్కి పట్టుకునే ఉంది.

వదిన వంగి, మెల్లగా ఆ కాలి మీద చెయ్యి వేసింది.

"ఆగిందయ్యా. కాలు తియ్" అంది.